సైకిల్ హెల్మెట్ ఎన్నాళ్లు పనికొస్తుంది?

(సైకిల్ తొక్కేవారి సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఖాళీలున్నాయి, వెనుక నిలబడినవారు వచ్చి కూర్చోండి. ఈ బల్ల మీద పెట్టినవి దూరం నుంచి చూస్తే తెలియవు, దగ్గరగా చూడాలి.

నన్ను ఎవరు కలిసినా అడిగే ప్రశ్న ఒకటే. ‘హెల్మెట్ ఎన్నేళ్లు వస్తుందండీ?’ మూడా, ఐదా, పదా? ఒక అంకె చెప్తే రాసుకుని వెళ్దామని అడుగుతారు. అంకె చెప్తాను, దాచుకోను. కానీ ముందే చెప్పేస్తే మిగిలింది ఎవరూ వినరు. పైగా ఆ అంకెను పట్టుకుని నష్టపోయేవారు రెండు రకాలుగా ఉన్నారు. కొందరు నిన్న కిందపడి తలకు దెబ్బ తగిలిన హెల్మెట్‌నే ‘ఇంకా రెండేళ్లుంది కదా’ అని ఇవాళ మళ్లీ పెట్టుకుంటారు. ఇంకొందరు చక్కగా చూసుకున్న హెల్మెట్‌ను గడువు తీరిందని తీసి పారేస్తారు. కొత్తది కొనేదాకా? ఒట్టి తలతో తొక్కుతారు. ఈ రెండూ నేను చూస్తూనే ఉన్నాను, రెండూ నన్ను బాధపెడతాయి. అందుకే అసలు లోపల ఏముందో, అది ఏ పని చేస్తుందో ముందు చూద్దాం. అది తెలిస్తే దాని వయసు లెక్క మీకు మీరే కట్టుకోగలరు.

ఇదిగో, ఇది మధ్యకు నిలువునా కోసిన హెల్మెట్. వెనుక వారికి కనిపిస్తోందా? పైన రంగు వేసిన పెంకు ఉంది కదా, అది ఎంత పలచగా ఉందో చూడండి. వేళ్లతో వంచితే వంగుతుంది. చాలామంది ఈ పెంకే తలను కాపాడుతుందని అనుకుంటారు. దాని పని వేరు. లోపలి పొర చెదిరిపోకుండా పట్టుకోవడం, రోడ్డు మీద తల పట్టేయకుండా జారనివ్వడం, అంతవరకే. కాపాడేది ఈ లోపలి తెల్లటి పొర. ఇదేమిటి? థర్మకోల్. అవునండీ, టీవీ కొంటే పెట్టెలో చుట్టూ వచ్చే థర్మకోలే. పాలీస్టైరీన్ పూసలను ఆవిరితో ఉబ్బించి అచ్చులో అతికించినది. పెట్టెలో వచ్చేదాని కంటే ఇది బాగా చిక్కగా ఉంటుంది, అదొక్కటే తేడా. అయినా ఇందులో పదింట తొమ్మిది వంతులు గాలే. ఈ కోసిన అంచు దగ్గరికి వచ్చి చూడండి. పూస పక్కన పూస అతుక్కుని ఉంది, ఒక్కో పూస చుట్టూ సన్నటి గీత ఉంది. బొటనవేలి గోటితో నొక్కుతున్నాను. గుంట పడింది. వేలు తీశాను. గుంట అలాగే ఉంది. ఈ గుంటను గుర్తుపెట్టుకోండి, ఇవాళ చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

వేగంగా వచ్చే బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతాం. ఎందుకు? బంతి ఆగడానికి కాస్త దూరం ఇస్తే దెబ్బ తగ్గుతుంది. హెల్మెట్ చేసేది కూడా అంతే, తల ఆగడానికి దూరం ఇస్తుంది. ఎంత దూరం? రెండు సెంటీమీటర్లు, మహా అయితే ఇంకాస్త. ఇంత చిన్న దూరంతో ఏమవుతుందని అనిపిస్తుంది కదా? లెక్క చూద్దాం. రెండు మీటర్ల ఎత్తు నుంచి పడిన తల నేలను తాకేటప్పటికి సెకనుకు 6 మీటర్లకు పైగా, అంటే గంటకు దాదాపు 22 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. ఆ వేగం 2 మిల్లీమీటర్లలో ఆగిపోతే తల మీద పడే తాకిడి గురుత్వాకర్షణకు వెయ్యి రెట్లు. 2 సెంటీమీటర్లలో ఆగితే వంద రెట్లు. వెయ్యికీ వందకూ మధ్య తేడా ఈ థర్మకోల్ మందమే.

ఈ రెండు మీటర్ల లెక్క నేను ఊరికే చెప్పలేదు. అమెరికాలో 1999 మార్చి తర్వాత తయారైన ప్రతి సైకిల్ హెల్మెట్‌కూ ఒక తప్పనిసరి పరీక్ష ఉంది. ఐదు కిలోల నకిలీ తలకు హెల్మెట్ తొడిగి, రెండు మీటర్ల ఎత్తు నుంచి చదునైన ఉక్కు దిమ్మ మీద పడేస్తారు. లోపలి తల మీద తాకిడి గురుత్వాకర్షణకు 300 రెట్లు దాటకూడదు. రోడ్డు అంచు రాయిలా ఉండే దిమ్మ మీద, గుండ్రటి దిమ్మ మీద కూడా పడేస్తారు, అక్కడ ఎత్తు 1.2 మీటర్లు. మామూలుగా ఒకసారి, 50 డిగ్రీల వేడిలో ఉంచి ఒకసారి, గడ్డకట్టే చలిలో ఉంచి ఒకసారి, నీళ్లలో నానబెట్టి ఒకసారి. ఐరోపాలో ఈఎన్ 1078 అనే ప్రమాణం ఉంది, దాని ఎత్తులు కాస్త తక్కువ, హద్దు మాత్రం 250 రెట్లు. మీ హెల్మెట్ లోపల అతికించిన చీటీ మీద ఇలాంటి ప్రమాణం పేరేదైనా ఉండాలి. లేకపోతే అది ఎన్నేళ్లు వస్తుందన్న ప్రశ్నే అనవసరం, అది మొదటి రోజు నుంచీ పనికిరానిదే అనుకోవాలి.

సరే, తల ఆగింది, హెల్మెట్ పని చేసింది. ఆ తర్వాత ఆ థర్మకోల్ ఏమైంది? ఇందాకటి గుంట గుర్తుంది కదా. పూసల గోడలు నలిగిపోయాయి. నలగడమే దాని పని, నలిగింది కాబట్టే తల మిగిలింది. నలిగిన పూస మళ్లీ ఉబ్బదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది, దయచేసి శ్రద్ధగా వినండి. దెబ్బ తర్వాత థర్మకోల్ కొంతవరకు వెనక్కి వస్తుంది. పూర్తిగా రాదు, కొంతే వస్తుంది. కాబట్టి పైకి చూస్తే మందం పెద్దగా తగ్గినట్టు కనిపించదు. పైన పెంకు ప్లాస్టిక్ కాబట్టి అది కూడా తిరిగి తన ఆకారానికి వచ్చేస్తుంది. చూసేవారికి ఏముంటుంది? ఒక గీత, కాస్త రంగు పోయిన మచ్చ.

ఇది చూడండి. ఇది ఒక సైకిలిస్టు తల నేలకు కొట్టుకున్న తర్వాత నాకు ఇచ్చినది. పైన ఈ కుడి పక్కన ఒరుసుకున్న గీతలు తప్ప ఏమీ లేవు కదా? ఎవరైనా ‘ఏమీ కాలేదు’ అనే అంటారు. ఇప్పుడు లోపలి ప్యాడ్లు తీస్తున్నాను. వెల్క్రోతో అంటించి ఉంటాయి, లాగితే వచ్చేస్తాయి. ఈ ప్యాడ్ వెనుక చూశారా? వెంట్రుక మందాన గీత. గాలి వెళ్లే కన్నం అంచు దగ్గర మొదలై పక్క కన్నం దాకా వెళ్లింది. ఇప్పుడు రెండు చేతులతో రెండు పక్కలా పట్టుకుని మెల్లగా విడదీస్తున్నాను. గీత తెరుచుకుంది. చేయి వదిలితే మూసుకుంది. ప్యాడ్ తీయకపోతే ఇది కనిపించేదా? పగులు పడిన చోట్లలో చాలా వరకు ప్యాడ్ల కిందే ఉంటాయి, లేదా కన్నాల మధ్య సన్నటి కమ్మీల దగ్గర ఉంటాయి.

మరి పగులు కనిపించకపోతే? అప్పుడు కూడా నా మాట ఒకటే. తల లోపల ఉండగా హెల్మెట్‌కు గట్టి దెబ్బ తగిలితే దాని పని అయిపోయింది. పగులు వెతకడం దాన్ని మళ్లీ వాడుకోవచ్చని తేల్చుకోవడానికి పనికిరాదు. నేను చెప్పడమే కాదు, ఇందాక చెప్పిన అమెరికా నియమాల్లోనే ఉంది. దెబ్బ తగిలిన హెల్మెట్ బయటికి కనిపించకుండానే పాడై ఉండవచ్చనీ, దాన్ని తయారీదారుకు పంపి పరీక్ష చేయించాలనీ లేదా నాశనం చేసి కొత్తది తీసుకోవాలనీ ప్రతి హెల్మెట్ లోపలా చీటీ అంటించాలి. మీ హెల్మెట్‌లో ఇలాంటి చీటీ ఉందేమో చూడండి. చాలామంది దాన్ని ఒక్కసారి కూడా చదివి ఉండరు.

‘తలకు నొప్పే లేదండీ, దెబ్బ చిన్నదే’ అంటారు. ఈ మాట ఎంతమంది నోట విన్నానో! నొప్పి లేకపోవడానికి కారణం దెబ్బ చిన్నది కావడమేనా? మీ తలకు తగలాల్సింది హెల్మెట్ తీసుకుని ఉండవచ్చు కదా? తలకు ఏమీ కాలేదంటే హెల్మెట్‌కు కూడా ఏమీ కాలేదని అర్థం ఎందుకవుతుంది? ఆలోచించండి.

ఇక్కడ ఎవరో చేయి ఎత్తారు. అడగండి. అవును, మంచి ప్రశ్న, అందరికీ వినిపించేలా మళ్లీ చెప్తాను. చేతిలోంచి జారి కింద పడితే పారేయాలా అని అడుగుతున్నారు. అక్కర్లేదు. ఎందుకో లెక్కతోనే చెప్తాను. పరీక్షలో ఐదు కిలోల తల రెండు మీటర్లు పడితే దాదాపు 98 జౌల్‌ల శక్తి (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం). మీ ఖాళీ హెల్మెట్ బరువెంత? 300 గ్రాములు అనుకుందాం. బల్ల ఎత్తు, ఒక మీటరు నుంచి పడితే మూడు జౌల్‌లు. తొంభై ఎనిమిది ఎక్కడ, మూడెక్కడ? లోపల తల లేదు, నలగగొట్టే బరువు లేదు. కానీ అంచు రాయికి తగిలి ఉంటే ఆ చోట గుంట పడిందేమో ప్యాడ్లు తీసి చూడండి, వెనుక తిప్పే చక్రం విరిగిందేమో చూడండి. ఏమీ లేకపోతే నిశ్చింతగా వాడుకోండి. రోజూ విసిరేసే అలవాటు మాత్రం వేరే సంగతి. మేడ మీద నుంచి పడినా, సైకిల్ వెనుక కట్టినది జారి చక్రం కింద నలిగినా పారేయండి.

ఇక మీరు ఎదురుచూస్తున్న అంకె. స్నెల్ ఫౌండేషన్ అని ఒక సంస్థ ఉంది. 1956లో కారు పందెంలో తలకు దెబ్బ తగిలి చనిపోయిన పీట్ స్నెల్ పేరు మీద ఆ మరుసటి ఏడాది మొదలైంది. హెల్మెట్ పరీక్షల్లో పాత పేరు అది. వారు ఐదేళ్లకు మార్చమంటారు. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంఘం ఐదు నుంచి పదేళ్లు అంటుంది. తయారీదారులు ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు, మూడేళ్లు అనేవారూ ఉన్నారు. వస్తువు ఒకటే, థర్మకోల్ ఒకటే, మూడు నుంచి పది దాకా ఎందుకు? ఎందుకంటే ఈ అంకెలు థర్మకోల్ వయసును కొలిచి చెప్పినవి కావు. ఎండ, చెమట, నూనె, అజాగ్రత్త అన్నీ కలిపి, ఎవరు ఎలా వాడతారో తెలియదు కాబట్టి కాస్త ముందుగానే గీత గీశారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ గీత దాటిన మరునాడు థర్మకోల్ పొడి అయిపోతుందని భయపడక్కర్లేదు.

దీన్ని నిజంగా కొలిచినవారు ఉన్నారు. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో పది రకాల మోడళ్లకు చెందిన 63 హెల్మెట్లు తీసుకున్నారు. రెండేళ్ల నుంచి ఇరవై ఏళ్ల వయసున్నవి. వాటి థర్మకోల్‌లోంచి ముక్కలు కోసి, దెబ్బకు ఎలా నలుగుతాయో పరీక్షించారు. వయసు వల్ల తేడా కనిపించలేదు. థర్మకోల్ ఎంత చిక్కగా ఉందన్న దాన్ని బట్టే తేడా వచ్చింది. ఇరవై ఏళ్ల థర్మకోల్ కూడా దెబ్బ తినకుండా ఉంటే పని చేసింది.

అయితే పాతది జీవితాంతం పెట్టుకోమంటున్నానా? కాదు. థర్మకోల్ ముసలిదవదు, సరే. హెల్మెట్ అంటే థర్మకోల్ ఒక్కటేనా? పట్టీలున్నాయి, బకిల్ ఉంది, వెనుక తిప్పే చక్రం ఉంది, పెంకును పట్టి ఉంచే జిగురు ఉంది. ఇవి ముసలివవుతాయి. ఎండకు పెంకు వన్నె తగ్గి పెళుసు బారుతుంది. అంచుల్లో పెంకు థర్మకోల్ నుంచి విడిపోతుంది. పట్టీల పోగులు లేస్తాయి. ముందుగా చచ్చేది ఇవే. రోజూ ఎండలో గంటలకొద్దీ తొక్కేవారికి ఐదేళ్లు సరైన అంకెనే. వారానికో రోజు తొక్కి, నీడలో తగిలించుకునేవారికి ఎనిమిదో ఏట కూడా పట్టీలు, పెంకు, బకిల్ కొత్తవాటిలా ఉంటే నేను పారేయమనను. పది దాటితే మార్చమంటాను. ఎందుకంటే అప్పటికి ఆ మోడల్ ప్యాడ్లు, చక్రం వంటి విడి భాగాలు దొరకవు, బిగుతుగా కూర్చోని హెల్మెట్‌ను సరిచేసుకునే దారి ఉండదు.

మరీ పాతవి వేరే కథ. థర్మకోల్‌తో సైకిల్ కోసమే చేసిన హెల్మెట్ మార్కెట్లోకి వచ్చింది 1975లో, బెల్ బైకర్ దాని పేరు. అంతకు ముందు పందెం సైకిలిస్టులు తోలు పట్టీల టోపీలు పెట్టుకునేవారు. 1980ల రెండో సగంలో పెంకే లేకుండా థర్మకోల్ మీద ఒట్టి గుడ్డ తొడిగినవి వచ్చాయి. బరువు లేవని అందరూ ఇష్టపడ్డారు. రోడ్డు మీద జారకుండా పట్టేయడమే వాటి లోపం. ఇంట్లో పెద్దవారి కాలం నాటి ఇలాంటిది ఉంటే జ్ఞాపకంగా దాచుకోండి, తలకు పెట్టుకోకండి.

తయారైన తేదీ ఎక్కడ ఉంటుంది? వెనుక భాగంలో, ప్యాడ్ల కింద అంటించిన చీటీ మీద నెల, సంవత్సరం ఉంటాయి. ఐరోపా ప్రమాణం ప్రకారం చేసినవాటి మీద సంవత్సరం, ఆ సంవత్సరంలో ఎన్నో మూడు నెలల భాగమో ఉంటుంది. అరిగిపోయేలోపు దాన్ని ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి. చెమటకు చీటీ మీది అచ్చు ముందు పోతుంది.

ఇప్పుడు వేడి సంగతి. థర్మకోల్‌కు దెబ్బ తర్వాత పెద్ద శత్రువు ఇదే. పాలీస్టైరీన్ నూరు డిగ్రీల దగ్గర పూర్తిగా మెత్తబడుతుంది, ఉబ్బించిన పూసల ఆకారం అంతకు ముందే చెడడం మొదలవుతుంది. బయట అంత ఎండ ఎక్కడుంది అంటారా? బయట ఉండదు. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు మీద 70 డిగ్రీలు దాటవచ్చు. హెల్మెట్‌ను పరీక్షించినది యాభై దగ్గర. వెనుక అద్దం కింద అరలో రోజూ హెల్మెట్ పెట్టి పనికి వెళ్లిపోయేవారు ఉన్నారు. ముదురు రంగు హెల్మెట్ అయితే ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. వేడి తిన్న హెల్మెట్‌ను ఎలా గుర్తుపట్టాలి? పెంకు మీద అరచేయి తిప్పండి. బుడగల్లా ఉబ్బినా, ముడతలు పడినా, పెంకు అంచుల్లో లేచినా, అది వేడి పనే. అలాంటిది ఇంక తలకెక్కించకండి. కారులో పెట్టక తప్పకపోతే సీటు కింద, నీడలో, గుడ్డ కప్పి పెట్టండి. ఇంట్లో హీటరు పక్కన, ఇంజను పక్కన పెట్టకండి. జుట్టు ఆరబెట్టే డ్రయర్‌తో హెల్మెట్‌ను ఆరబెట్టకండి.

రెండో శత్రువు రసాయనాలు. ఇది నోటితో చెప్పడం కంటే చూపించడం మేలు. ఇది మామూలు థర్మకోల్ ముక్క. దీని మీద నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం, అసిటోన్ ఉన్నది, ఒక్క చుక్క వేస్తున్నాను. చూడండి, చూస్తుండగానే కుంగిపోయింది. మంట లేదు, పొగ లేదు. పూసలు కరిగి గాలి బయటికి పోయింది. పెట్రోలు, థిన్నర్, టర్పెంటైన్ కూడా ఇలాగే చేస్తాయి. ‘మేము హెల్మెట్ మీద పెట్రోలు ఎందుకు పోస్తామండీ?’ అంటారు. గొలుసు తుడిచిన గుడ్డతో హెల్మెట్ తుడిచేవారు లేరా? పాత స్టిక్కరు జిగురు పోవడానికి థిన్నర్ రుద్దేవారు లేరా? నచ్చిన రంగు స్ప్రే కొట్టించేవారు లేరా? స్ప్రే రంగులో ఉండేది ద్రావకమే. పెంకు అతుకుల్లోంచి, కన్నాల అంచుల్లోంచి అది లోపలికి పోతుంది. పైన రంగు మెరుస్తూ ఉంటుంది, లోపల థర్మకోల్ కుంగి ఉంటుంది. బయటికి కనిపించదు. చీటీలో దీని గురించి కూడా ఉంటుంది. కొన్ని ద్రావకాలు, శుభ్రపరిచే మందులు ఆ హెచ్చరికలో ఉదాహరణలుగా ఇచ్చారు.

దోమల మందు గురించి ఒక మాట. ఒంటికి రాసుకునే మందుల్లో డీట్ అనే పదార్థం ఉన్నవి ఉంటాయి. అది కొన్ని ప్లాస్టిక్‌లను కరిగిస్తుంది. రాసుకోవద్దని నేను అనను. ముందు రాసుకోండి, చేతులు కడుక్కోండి, ఆ తర్వాత హెల్మెట్ పట్టుకోండి. తల మీద హెల్మెట్ ఉండగా స్ప్రే కొట్టుకోకండి.

మరి దేనితో కడగాలి? స్నానం చేసే తేలికపాటి సబ్బు, గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ. ఇంతే, ఇంకేమీ వద్దు. ముందు ప్యాడ్లు తీయండి. తీసేముందు ఒక ఫోటో తీసుకుంటే ఏది ఎక్కడ పెట్టాలో వెతుక్కోనక్కర్లేదు. ప్యాడ్లను సబ్బు నీళ్లలో చేత్తో నలిపి, నీళ్లు తేటగా వచ్చేదాకా పిండి, నీడలో ఆరేయండి. బట్టల యంత్రంలో వేసి వేడి నీళ్లు పెడితే వెనుక వెల్క్రో ఊడిపోతుంది. పట్టీలను పాత పళ్ల బ్రష్షుతో రుద్దండి. పట్టీ మీద, ముఖ్యంగా చెవి కింద, తెల్లగా గరుకుగా పేరుకున్నది చెమట ఉప్పు. అది పోగుల మధ్య చేరి పట్టీని బిరుసెక్కిస్తుంది, చర్మాన్ని ఒరిపిస్తుంది. బకిల్‌లో ఇసుక చేరితే సగమే పడుతుంది, పడినట్టు చప్పుడు మాత్రం వస్తుంది. దాన్ని నీటి ధార కింద పెట్టి నాలుగైదుసార్లు పెట్టి తీయండి. నూనె వేయకండి. మొత్తం హెల్మెట్ తడిస్తే భయం లేదు, నీళ్లలో నానబెట్టి కూడా పరీక్షించారని చెప్పాను కదా. వానలో తడిసినదాన్ని తడిగానే సంచిలో కుక్కి పెట్టడం వల్లే వాసన, బూజు వస్తాయి.

పట్టీల గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే వీటిని ఎవరూ పట్టించుకోరు. థర్మకోల్ ఎంత బాగున్నా, పడేటప్పుడు హెల్మెట్ తల మీద లేకపోతే ఏం లాభం? అమెరికా పరీక్షలో పట్టీకి కూడా పరీక్ష ఉంది. నాలుగు కిలోల బరువును 0.6 మీటర్ల ఎత్తు నుంచి వదిలి పట్టీని గుంజుతారు. అది 30 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ సాగకూడదు. మీరు ఇంట్లో చేయగలిగినది ఇది. బకిల్ పెట్టి రెండు చేతులతో గట్టిగా గుంజండి. జారిందా? పట్టీ హెల్మెట్‌లోకి వెళ్లే చోట వేలితో తడమండి. కోత ఉందా, పోగులు తెగాయా? బకిల్‌కు రెండు కొమ్ములుంటాయి, రెండూ తిన్నగా ఉన్నాయా? ఒక కొమ్ము విరిగినా రెండోదాని మీద పడుతుంది కాబట్టి తెలియదు. వెనుక చక్రం తిప్పితే ప్రతి పంటి చప్పుడూ వినిపించాలి, వదిలితే వెనక్కి తిరగకూడదు. ఇప్పుడు తలకు పెట్టుకుని, పట్టీ పెట్టకుండా తలను ఊపండి. హెల్మెట్ చర్మంతో పాటు కదలాలి, చర్మం మీద జారకూడదు. ముందు అంచు కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన ఉండాలి. పట్టీలు చెవి కింద కలవాలి. బకిల్ పెట్టుకుని నోరు పెద్దగా తెరిస్తే పై నుంచి హెల్మెట్ కిందికి నొక్కుతున్నట్టు అనిపించాలి. పిల్లలకు మాత్రం వయసు లెక్కే లేదు. తల పెరిగి చక్రం పూర్తిగా వదులు చేసినా బిగుతుగా ఉంటే కొత్త హెల్మెట్ అయినా మార్చాల్సిందే. పెరుగుతారు కదా అని పెద్ద సైజు కొనివ్వకండి, అది నుదుటి వెనక్కి జారిపోతుంది, ముందు పడితే నుదురు బయట ఉంటుంది.

కొన్ని హెల్మెట్లలో లోపల ఇంకో పలచటి పొర ఉంటుంది. మిప్స్ అని పేరు వినే ఉంటారు. స్వీడన్‌లో పుట్టింది. తల పక్కగా తగిలినప్పుడు మెలి తిరిగే బలాన్ని తగ్గించడానికి ఆ పొర లోపల ఒక సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు జారుతుంది. వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదపండి, కదలాలి. దాన్ని పట్టి ఉంచే చిన్న రబ్బరు ముళ్లు తెగాయేమో చూడండి.

వాడనప్పుడు భద్రపరచడం గురించి త్వరగా చెప్పేస్తాను. హెల్మెట్ మీద కూర్చోకండి. సామాను సంచి అడుగున పెట్టకండి. లైటో కెమెరానో బిగించడానికి కన్నం వేయకండి. ఎండ పడని చోట, గోడ మేకుకు తగిలించినా చాలు.

ఇంకో చేయి. వాడినది ఎవరైనా ఇస్తే తీసుకోవచ్చా అంటున్నారు. వద్దండీ. ఇచ్చేవారు మంచివారే కావచ్చు. కానీ అది పడిందా, కారులో ఎన్ని మధ్యాహ్నాలు ఉందో ఎవరికి తెలుసు? దాని గతం పూర్తిగా తెలిసిన మీ ఇంట్లోవారిదైతే, ఇందాక చెప్పినవన్నీ చూసి తీసుకోండి. పెట్టెలోంచి తీయని పదేళ్ల నాటిదా? థర్మకోల్ బాగానే ఉంటుంది. పట్టీలు, జిగురు, బకిల్ చూడండి. అవి బాగుండి, మీ తలకు సరిపోతే పెట్టుకోండి, ఒట్టి తలతో తొక్కడం కంటే ఎన్నో రెట్లు మేలు.

చివరగా పారేయడం గురించి. పనికిరాని హెల్మెట్‌ను అలాగే చెత్తలో వేయకండి. ఎవరో ఏరుకుని పిల్లవాడి తలకు పెడతారు. నేను బతిమాలి అడుగుతున్నాను, పట్టీలు రెండు పక్కలా కత్తిరించండి, పెంకు మీద పెద్ద అక్షరాలతో ‘పడింది, వాడవద్దు’ అని రాయండి, వీలైతే థర్మకోల్‌ను మధ్యకు విరిచేయండి. కొంతమంది తయారీదారులు దెబ్బ తగిలినదాన్ని వెనక్కి తీసుకుని తక్కువ ధరకు కొత్తది ఇస్తారు. విరిచేముందు అది అడిగి చూడండి.

ఇప్పుడు మీ హెల్మెట్లు తీసుకుని ఈ బల్ల దగ్గరికి రండి. ప్యాడ్లు ముందే తీసి పట్టుకోండి, చీటీ మీది తేదీ చూసుకోండి. ఎప్పుడైనా పడి ఉంటే అది మొదట చెప్పండి. పిల్లలవి ముందు చూద్దాం.